కార్బన్ డయాక్సైడ్ ధర ఆవిరి దగ్గర తేలుతుంది: కృష్ణపట్నం సమీపంలోని ఒక క్యాప్చర్ యూనిట్ అనుభవం

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో, కృష్ణపట్నం ఓడరేవుకు దగ్గరలో ఉన్న ఒక పరిశ్రమ తన బాయిలర్ పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, శుద్ధిచేసి, ద్రవరూపంలో అమ్ముతుంది. అందులో కొంత శీతల పానీయాల తయారీకి, కొంత వెల్డింగ్ షాపులకు పోతుంది. మిగిలినది డ్రై ఐస్‌గా మారి రొయ్యలు, చేపలు ఎగుమతి చేసేవారికి చేరుతుంది. రోజుకు సుమారు 50 టన్నుల సామర్థ్యం ఉన్న ఈ యూనిట్‌లో ఇంధన ఖర్చు ఎందుకు పెరిగిందో పరిశీలించి, తగ్గించే మార్గం చూపే పని నాకు అప్పగించారు. యాజమాన్యం కోరిక మేరకు పరిశ్రమ పేరు ఇక్కడ రాయడం లేదు. ప్లాంటులో కొలిచిన అంకెలను దగ్గరి పూర్ణాంకాలకు సవరించి ఇస్తున్నాను. లెక్కగట్టినవి ఏవో, కొలిచినవి ఏవో సందర్భాన్నిబట్టి తెలుస్తాయి.

నేను వెళ్లే సమయానికి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తీయడానికి 2.2 టన్నుల ఆవిరి ఖర్చవుతోంది. ఈ పద్ధతిలో సరిగ్గా నడిచే యూనిట్‌కు 1.7 టన్నుల లోపే సరిపోవాలి. పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ద్రావణి పాతబడిందని, కొత్తరకం ద్రావణి పోస్తే ఆవిరి ఖర్చు మూడోవంతు తగ్గుతుందని ఒక సరఫరాదారు అప్పటికే ప్రతిపాదన ఇచ్చారు. ఆ ద్రావణి ధర పాతదానికి చాలా రెట్లు ఎక్కువ. దాన్ని కొనాలా వద్దా అన్నదే యాజమాన్యం నన్ను అడిగిన ప్రశ్న.

వేడి మూడు దారుల్లో పోతుంది

పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను ఎమీన్ అనే క్షారగుణమున్న రసాయనంతో కడిగి తీసే పద్ధతి కొత్తది కాదు. ఆర్. ఆర్. బాటమ్స్ 1930లోనే అమెరికాలో దీనికి పేటెంట్ పొందారు. ఈ యూనిట్‌లో వాడేది మోనోఇథనోలమీన్, పరిశ్రమ భాషలో ఎమ్.ఈ.ఏ. బరువులో 30 శాతం ఎమీన్, తక్కినది నీరు. చల్లార్చిన పొగను అబ్సార్బర్ అనే పొడవాటి టవరులో కింది నుంచి పైకి పంపి, పై నుంచి ఈ ద్రావణాన్ని జార్చితే కార్బన్ డయాక్సైడ్ దాంట్లో కలుస్తుంది. అలా నిండిన ద్రావణాన్ని రిచ్ అంటారు. దాన్ని స్ట్రిప్పర్ టవరుకు పంపి 120 డిగ్రీల దాకా వేడిచేస్తే వాయువు విడిపోతుంది. ఖాళీ అయిన ద్రావణం లీన్. అది చల్లబడి మళ్లీ అబ్సార్బర్‌కు వెళ్తుంది. స్ట్రిప్పర్ అడుగున ఉండే రీబాయిలర్ తినే ఆవిరే ఈ వ్యాపారంలో అసలు ఖర్చు.

రీబాయిలర్‌లోకి వెళ్లిన వేడి మూడు పనులకు ఖర్చవుతుంది. ఎమీన్‌కు, కార్బన్ డయాక్సైడ్‌కు మధ్య ఉన్న రసాయన బంధాన్ని విడదీయడానికి టన్నుకు సుమారు 1.9 గిగాజూళ్లు కావాలి. ఎమ్.ఈ.ఏ. వాడినంత కాలం దీన్ని తగ్గించే మార్గం లేదు. రెండోది ద్రావణాన్ని వేడెక్కించడానికి అయ్యే ఖర్చు. మూడోది స్ట్రిప్పర్‌లో వాయువుతోపాటు పైకి లేచి, కండెన్సర్‌లో చల్లబడి వృథా అయ్యే నీటి ఆవిరి ఖర్చు. ఈ రెండూ ప్లాంటును నడిపే తీరును బట్టి పెరుగుతాయి, తరుగుతాయి. 12 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పొగ నుంచి 90 శాతాన్ని వేరుచేయడానికి భౌతికశాస్త్రం ప్రకారం తప్పనిసరి అయిన కనీస శక్తి టన్నుకు 46 యూనిట్ల విద్యుత్తుకు సమానం, అంటే 0.17 గిగాజూళ్లు. వాడుతున్నదేమో 4.7 గిగాజూళ్ల వేడి. వేడి, విద్యుత్తు ఒకే విలువ గలవి కావు కాబట్టి ఈ రెండు అంకెలను నేరుగా భాగించకూడదు. అయినా ఈ రంగంలో ఆదాకు ఎంత చోటుందో అవి చెబుతాయి.

ముందు కొలత

ప్లాంటులో ఆవిరి మీటరు ఉంది, కానీ అది ఆవిరి పీడనం మారినప్పుడు సాంద్రతను సరిదిద్దుకునే రకం కాదు. అందుకని రీబాయిలర్ నుంచి వచ్చే కండెన్సేట్‌ను, అంటే ఆవిరి చల్లబడి మారిన నీటిని, ఒక ట్యాంకులోకి మళ్లించి, గంటకు ఎంత నిండుతోందో చూసి లెక్కగట్టాం. మీటరు చూపుతున్నదానికంటే నిజమైన ఆవిరి ఎక్కువే తేలింది. పైన చెప్పిన 2.2 టన్నులు ఈ కొలతతో తేలిన అంకె.

అంతకంటే ముఖ్యమైన లోటు ల్యాబులో కనిపించింది. రోజూ ద్రావణంలో ఎమీన్ ఎంత శాతముందో యాసిడ్ టైట్రేషన్‌తో చూస్తున్నారు గానీ, దాంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎంత నిండిందో చూడటం లేదు. ఆ నిండుదలనే లోడింగ్ అంటారు. ఒక మోల్ ఎమీన్‌కు ఎన్ని మోళ్ల కార్బన్ డయాక్సైడ్ పట్టుకుందో అది చెబుతుంది. దాన్ని తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. కొద్దిగా ద్రావణం తీసుకుని, దాంట్లో కాస్టిక్ సోడా, బేరియం క్లోరైడ్ ద్రావణాలు కలిపి వేడిచేస్తే పాలలాగా తెల్లబడి బేరియం కార్బోనేట్ అడుగున పేరుకుంటుంది. దాన్ని వడగట్టి, బాగా కడిగి, కొలిచిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి, మిగిలిన యాసిడ్‌ను మళ్లీ కాస్టిక్‌తో టైట్రేట్ చేస్తే లెక్క తేలిపోతుంది. కడగడంలో తొందరపడితే కాస్టిక్ మిగిలిపోయి అంకె తప్పుగా వస్తుంది కనుక ఈ ఒక్క మెట్టు దగ్గర ఓపిక కావాలి. ల్యాబులో పనిచేసే కెమిస్టు నేర్చుకున్న వారంలోనే ప్రతి షిఫ్టుకూ రిచ్, లీన్ రెండింటి లోడింగ్‌లను బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. ఈ మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితమిచ్చినది ఆ బోర్డేనని నా నమ్మకం.

బోర్డు మీద కనిపించిన అంకెలు ఇవి: రిచ్ లోడింగ్ 0.40, లీన్ లోడింగ్ 0.18. అంటే ప్రతి మోల్ ఎమీన్ ఒక్కో చుట్టులో 0.22 మోళ్లు మాత్రమే మోస్తోంది. 30 శాతం ద్రావణం కిలోకు 48 గ్రాముల లోపు కార్బన్ డయాక్సైడ్. ఒక టన్ను వాయువు కోసం 21 టన్నుల ద్రావణాన్ని 120 డిగ్రీల దాకా కాచి, మళ్లీ చల్లార్చి, మళ్లీ కాచవలసి వస్తోందన్నమాట. గ్లాసు టీ కోసం గుండిగెడు నీళ్లు కాచినట్టు ఉంది పరిస్థితి.

ప్లేట్ల మధ్య పేరుకున్న నల్లటి జిగురు

స్ట్రిప్పర్ అడుగు నుంచి వేడిగా వచ్చే లీన్ ద్రావణంతో, స్ట్రిప్పర్‌కు వెళ్తున్న చల్లటి రిచ్ ద్రావణాన్ని వేడిచేసే ఎక్స్‌ఛేంజర్ ఒకటి ఉంటుంది. ఈ యూనిట్‌లో అది ప్లేట్ల రకం. రీబాయిలర్ మీద భారం ఎంతన్నది చాలావరకు దీని చేతిలోనే ఉంటుంది. లోపలికి వచ్చే లీన్‌కు, బయటికి వెళ్లే రిచ్‌కు మధ్య ఎన్ని డిగ్రీల తేడా మిగిలిందో అంత వేడిని రీబాయిలర్ కొత్తగా భర్తీ చేయాలి. ఇక్కడ ఆ తేడా 18 డిగ్రీలు. ద్రావణం ఉష్ణ సామర్థ్యం కిలోకు 3.6 కిలోజూళ్లు అనుకుంటే, 21 టన్నులకు 18 డిగ్రీల లెక్కన దాదాపు 1.36 గిగాజూళ్లు. ఇంకోలా చెప్పాలంటే ఈ తేడాలో తగ్గించిన ఒక్కో డిగ్రీ టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 35 కిలోల ఆవిరిని మిగులుస్తుంది. ప్లాంటులో ఉన్నవారందరికీ ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చేదాకా చెప్పాను.

ఎక్స్‌ఛేంజర్‌ను విప్పినప్పుడు ప్లేట్ల మీద వేలితో గీస్తే చార పడేంత మందాన నల్లటి జిగురు కనిపించింది. చుట్టూ ఘాటైన అమోనియా వాసన. ఎండబెట్టి చూస్తే ఆ జిగురులో బూడిద రేణువులు, ఇనుప తుప్పు, ఆక్సీకరణతో చెడిన ఎమీన్ కలిసి ఉన్నాయి. బూడిదలో అధికభాగం వరి ఊకది. ఈ బాయిలర్‌లో దిగుమతి బొగ్గుతోపాటు చుట్టుపక్కల రైస్ మిల్లుల ఊకను కలిపి కాలుస్తారు. ఊకలో ఐదోవంతు దాకా బూడిదే, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. బ్యాగ్ ఫిల్టరులో చిరిగిన సంచీల గుండా ఆ సన్నటి పొడి దాటి వచ్చి ద్రావణంలో చేరి, నురుగును పెంచి, ప్లేట్లకు అంటుకుంది. కెనడాలో 2014లో మొదలైన బౌండరీ డ్యామ్ యూనిట్‌ను కూడా తొలి ఏళ్లలో బాగా ఇబ్బంది పెట్టినవి బూడిద, చెడిన ఎమీన్‌లే కనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

ప్లేట్లను రసాయనాలతో శుభ్రం చేయించి, రబ్బరు గాస్కెట్లను ఎమీన్‌కు తట్టుకునే ఈపీడీఎమ్ రకానికి మార్పించి, అదే ఫ్రేములో పట్టినన్ని ప్లేట్లు అదనంగా వేయించాం. ద్రావణంలో పదోవంతు నిరంతరం ఫిల్టరు, యాక్టివేటెడ్ కార్బన్ బెడ్ గుండా వెళ్లేలా పక్కదారి పైపు వేశాం. పొగ దారిలోని బ్యాగ్ ఫిల్టరు సంచీలన్నీ మార్చాం. తేడా 18 నుంచి 7 డిగ్రీలకు దిగింది.

పొగలో చొరబడిన గాలి

క్యాప్చర్ యూనిట్‌ను చూడటానికి వచ్చిన ఇంజనీరు సాధారణంగా బాయిలర్ వైపు వెళ్లడు. నేను వెళ్లడానికి కారణం అబ్సార్బర్‌లోకి వస్తున్న పొగలో కార్బన్ డయాక్సైడ్ 9 శాతమే ఉండటం, ఆక్సిజన్ 11 శాతం ఉండటం. బొగ్గు, ఊక కాలిన పొగలో ఆక్సిజన్ 7 శాతం దగ్గర ఆగితే కార్బన్ డయాక్సైడ్ 12 శాతానికి పైగా ఉండాలి. మిగిలినదంతా ఎక్కడో లోపలికి పీలుస్తున్న గాలే. బాయిలర్ దగ్గర, ఎకనమైజర్ తర్వాత, బ్యాగ్ ఫిల్టరు తర్వాత వరుసగా ఆక్సిజన్ కొలిస్తే ఎక్కడ ఎంత చేరుతోందో తెలిసిపోయింది. ఫిల్టరు కింద బూడిద దించే వాల్వు సరిగా మూయడం లేదు. ఊక వేసే ఫీడరు దగ్గర తడి ఊక అడ్డుపడకుండా తలుపు ఎప్పుడూ తెరిచి ఉంచుతున్నారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఊక తడిసి మండక ఈ అలవాటు ఇంకా పెరుగుతుంది.

కార్బన్ డయాక్సైడ్ 9 శాతం ఉన్నప్పుడు ఒక టన్ను కోసం 6,300 ఘనమీటర్ల పొడి పొగను బ్లోయరు నెట్టాలి. 12 శాతం ఉంటే 4,700 చాలు. బ్లోయరు విద్యుత్తు టన్నుకు సుమారు 29 యూనిట్ల నుంచి 22కు తగ్గుతుంది. అంతకంటే విలువైనది ఏమిటంటే, చిక్కటి పొగ ద్రావణాన్ని మరింత నింపుతుంది, తక్కువ ఆక్సిజన్ ఎమీన్‌ను తక్కువగా చెడగొడుతుంది. ఊక నిల్వకు రేకుల షెడ్డు, ఫీడరుకు రెండు తలుపుల వ్యవస్థ, బూడిద దగ్గర రోటరీ వాల్వు పెట్టించడంతో ఈ పని పూర్తయింది. బాయిలర్ సామర్థ్యం కూడా మెరుగుపడింది. ఆ లాభాన్ని నేను ఈ లెక్కలో కలపలేదు.

పొగలోని సల్ఫర్ గురించి ఒక మాట. సల్ఫర్ డయాక్సైడ్ ఒక మోల్ రెండు మోళ్ల ఎమీన్‌ను శాశ్వతంగా కట్టేస్తుంది. పొగలో అది 300 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 300) ఉందనుకుంటే, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు నాలుగు కిలోల సల్ఫర్ డయాక్సైడ్, దాని వల్ల ఎనిమిది కిలోలకు దగ్గరగా ఎమీన్ నష్టం. ముందు టవరులో ఐదారు కిలోల కాస్టిక్‌తో దాన్ని కడిగేయడం ఎంతో చౌక. ఇక్కడ ఆ టవరు ఉంది కానీ కాస్టిక్ డోసింగ్ పంపు ఆదా పేరుతో తగ్గించి నడుపుతున్నారు. చూడటానికి అది పొదుపే, నిజానికి ఎమీన్ రూపంలో అక్కడ చేతి చమురు వదులుతోంది. పొగలో సల్ఫర్ డయాక్సైడ్ 10 పీపీఎమ్ దాటకుండా పంపును సెట్ చేశాం.

నెల్లూరు ఎండ

ఈ సాంకేతికత గురించి ప్రచురితమైన అంకెల్లో అధికభాగం చలిదేశాల ప్లాంట్లవి. అక్కడ కూలింగ్ నీరు 15 డిగ్రీల్లో వస్తుంది. మన తీరంలో మే నెలలో కూలింగ్ టవరు ఎంత బాగున్నా నీరు 32 డిగ్రీల కంటే దిగదు. సముద్రపు గాలిలో తేమ అలాంటిది. దానికితోడు ఇక్కడి బోరునీరు ఉప్పు. ఆ నీటితో నడిచిన లీన్ కూలరు గొట్టాల్లో సున్నపు పొర పేరుకుంది. షిఫ్టు ఆపరేటరు మొదటిరోజే నాతో అన్నమాట ఇది: "మధ్యాహ్నం రెండయ్యేసరికి లీన్ యాబై దాటతాది సార్. అప్పుడు ఎంత ఆవిరి ఇచ్చినా ప్రొడక్షన్ రాదు." ఆయన చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. కార్బన్ డయాక్సైడ్ ఎమీన్‌లో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. పైగా ద్రావణమే వేడిగా వస్తే టవరు మధ్యలో ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటి, ఇక కలవడం దాదాపు ఆగిపోతుంది. రిచ్ లోడింగ్ 0.40 దగ్గర ఆగడానికి ముఖ్య కారణం ఇదే. ద్రావణి పాతబడిందన్న అభిప్రాయం ఆ మధ్యాహ్నపు గంటల నుంచే పుట్టింది.

దీనికి రెండు పనులు చేశాం. కూలరు గొట్టాలను శుభ్రం చేసి, కూలింగ్ టవరులో భర్తీ నీటికి బోరునీటి బదులు కాలువ నీటిని వాడి, నీటిలో ఉప్పు ఎంత చిక్కబడే దాకా దాన్ని తిప్పాలో హద్దు పెట్టాం. రెండోది ఇంటర్‌కూలింగ్. అబ్సార్బర్ మధ్యలో, పైనుంచి జారుతున్న ద్రావణాన్ని ఒక ట్రేలో పట్టి, బయటికి తీసి, 40 డిగ్రీల దాకా చల్లార్చి, మళ్లీ అదే ఎత్తులో లోపలికి పంపడం. దీని కోసం టవరు గోడకు రెండు నాజిళ్లు వేయాలి, లోపల ఒక ట్రే అమర్చాలి, ఒక పంపు, ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ కూలరు పెట్టాలి. వార్షిక మరమ్మతులకు ప్లాంటు ఆపినప్పుడు ఈ పని చేయించాం. చలిదేశంలో ఇంటర్‌కూలింగ్ వల్ల వచ్చే లాభం తక్కువని చెప్పే వ్యాసాలున్నాయి. మన వాతావరణంలో మాత్రం దీన్ని మొదటి నక్షాలోనే చేర్చాలని నేను గట్టిగా చెబుతాను. వేసవి మధ్యాహ్నాల్లో కూడా రిచ్ లోడింగ్ 0.47 దగ్గర నిలుస్తోంది.

స్ట్రిప్పర్‌లో మూడు సర్దుబాట్లు

రీబాయిలర్ ఆవిరి వాల్వును చేత్తో ఒక స్థాయిలో బిగించి వదిలేయడం ఇక్కడి ఆనవాయితీ. పొగ తక్కువ వచ్చినా, ఎక్కువ వచ్చినా ఆవిరి అంతే. ప్రొడక్షన్ పడిపోతుందేమోనన్న భయంతో అది ఎప్పుడూ అవసరానికి మించి తెరిచే ఉండేది. అందుకే లీన్ 0.18 దాకా ఖాళీ అవుతోంది. చివరి కొద్దిపాటి వాయువును కూడా పిండడానికి ఖర్చయ్యే నీటి ఆవిరి చాలా ఎక్కువ. ద్రావణం ప్రవాహాన్ని పొగ ప్రవాహంతో, ఆవిరిని స్ట్రిప్పర్ పైభాగపు ఉష్ణోగ్రతతో ముడిపెట్టే కంట్రోల్ లూపులు వేసి లీన్‌ను 0.22 దగ్గర నిలిపాం. దీనికి కొత్త పరికరమేమీ కొనలేదు. ఉన్న కంట్రోల్ వ్యవస్థలో వాడకుండా వదిలేసిన సదుపాయాన్నే వాడాం.

తర్వాతిది చల్లటి రిచ్ మళ్లింపు. రిచ్ ద్రావణంలో ఎనిమిదోవంతును ఎక్స్‌ఛేంజర్‌లోకి పంపకుండా చల్లగానే స్ట్రిప్పర్ నెత్తిన జార్చుతాం. పైకి లేస్తున్న నీటి ఆవిరి కండెన్సర్‌కు చేరేలోపే ఈ ద్రావణాన్ని వేడిచేసి తానే నీరై దిగిపోతుంది. కూలింగ్ టవరులో ఆవిరైపోయే వేడి ఇలా మళ్లీ పనికొస్తుంది. ఒక పైపు, ఒక వాల్వు, ఒక ఫ్లో మీటరు చాలు. టన్నుకు 0.2 గిగాజూళ్లు మిగిలాయి.

మూడోది చిన్నది. ఆవిరిని ఆపి నీటిని మాత్రమే వదిలే స్టీమ్ ట్రాపుల్లో పనిచేయనివి మార్చి, ఊడిన ఇన్సులేషన్ వేయించాం.

ఇవన్నీ అయ్యాక లెక్క ఇలా నిలిచింది. బంధం విడదీయడానికి 1.9 గిగాజూళ్లు అలాగే ఉంది. టన్నుకు తిరిగే ద్రావణం 21 టన్నుల నుంచి 18.5 టన్నులకు తగ్గడం, ఎక్స్‌ఛేంజర్ తేడా 7 డిగ్రీలకు రావడం వల్ల రెండో ఖర్చు 1.36 నుంచి 0.47 గిగాజూళ్లకు పడింది. వృథా నీటి ఆవిరి 1.35 నుంచి, మళ్లింపును కూడా కలుపుకుంటే, 0.95కు వచ్చింది. ఉపరితల నష్టాలతో కలిపి మొత్తం 4.7 నుంచి 3.4 గిగాజూళ్లు. ఆవిరి 2.2 టన్నుల నుంచి 1.6 టన్నులకు దిగింది. ఎమీన్ వాడకం టన్నుకు మూడున్నర కిలోల నుంచి రెండు కిలోల లోపుకు వచ్చింది.

ఆవిరిని కిందికి దించేటప్పుడు

బాయిలర్ ఆవిరిని 45 బార్ పీడనంలో పుట్టిస్తుంది. రీబాయిలర్‌కు కావలసినది 4 బార్ దరిదాపుల్లో. ఇంతకాలం మధ్యలో ఒక పీడనం తగ్గించే వాల్వు పెట్టి, నీళ్లు చల్లి, ఆ ఆవిరిని పంపేవారు. 45 బార్ ఆవిరిని ఒట్టి వాల్వు గుండా దించడమంటే చేతిలో ఉన్న విద్యుత్తును వదులుకోవడమే. ఆ స్థానంలో, ఆవిరి పీడనం దిగేటప్పుడు విద్యుత్తు తీసే చిన్న బ్యాక్ ప్రెషర్ టర్బైను పెట్టించాం. ప్రతి టన్ను ఆవిరికి దాదాపు 80 యూనిట్లు వస్తున్నాయి. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 1.6 టన్నుల లెక్కన 128 యూనిట్లు. బ్లోయరు, పంపులు, 20 బార్ దాకా కంప్రెసర్, మైనస్ 20 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా మార్చే శీతలీకరణ అన్నీ కలిపి ఈ యూనిట్‌కు టన్నుకు 200 యూనిట్లు కావాలి. అందులో సగానికి పైగా ఇక్కడే వస్తోంది. ఇది ఊరికే వచ్చే విద్యుత్తు కాదు. టర్బైను తీసుకున్న మేరకు ఆవిరిలో వేడి తగ్గుతుంది, బాయిలర్ ఆ మేరకు కొంచెం ఎక్కువ ఇంధనం కాల్చాలి. అయినా ఆ అదనపు ఇంధనపు వేడిలో అధికభాగం విద్యుత్తుగా మారుతుంది కనుక గ్రిడ్ నుంచి కొనడం కంటే చాలా చౌక.

టర్బైను వల్ల మరో మేలు జరిగింది. పాత వాల్వు దగ్గర నీళ్లు చల్లే నాజిల్ సరిగా పనిచేయక రీబాయిలర్ గొట్టాలకు అతివేడి ఆవిరి తగిలేది. ఎమ్.ఈ.ఏ. 122 డిగ్రీలు దాటితే తనంతట తానే విరగడం మొదలుపెడుతుంది. ఇప్పుడు ఆ బెడద లేదు.

మరి కొత్త ద్రావణి సంగతి

మంచి ద్రావణులు ఉన్నాయి, వాటి సత్తా నిరూపణ అయింది కూడా. మన కాకినాడ ఎరువుల కర్మాగారంలోనే 2009లో మిత్సుబిషి సంస్థ కేఎస్-1 ద్రావణితో రోజుకు 450 టన్నులు పట్టే యూనిట్ మొదలైంది. తూత్తుకుడిలో బొగ్గు బాయిలర్ పొగ నుంచి ఏడాదికి 60,000 టన్నులు పట్టి సోడా యాష్ తయారీకి వాడే యూనిట్ 2016లో ప్రారంభమైంది. అందులోదీ మెరుగైన ద్రావణే. ఏఎమ్‌పీ, పైపరజీన్ అనే రెండు ఎమీన్‌లు కలిపిన సీజర్-1 మిశ్రమం టన్నుకు 3 గిగాజూళ్ల దరిదాపుల్లో నడుస్తుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గ్యారీ రోషెల్ బృందం పైపరజీన్‌తో 2.5 గిగాజూళ్ల ప్రాంతానికి తీసుకొచ్చింది. ఆ చివరి ఉదాహరణను శ్రద్ధగా చదవాలి. అక్కడి లాభంలో పెద్ద వాటా రిచ్ ద్రావణాన్ని చల్లగా కొంత, వెచ్చగా కొంత మళ్లించే స్ట్రిప్పర్ అమరికది. ద్రావణి ఒక్కటే సాధించినది కాదు.

ఈ యూనిట్‌లో 18 డిగ్రీల తేడాతో, 50 డిగ్రీల లీన్‌తో, బూడిద కలిసే పొగతో ఆ ఖరీదైన ద్రావణిని పోసి ఉంటే అదీ త్వరలోనే నల్లబడేది, ప్లేట్లను మూసేది. పైగా కిలోకు ఎక్కువ ధర పలికే పదార్థం చెడితే నష్టమూ ఆ మేరకు ఎక్కువే. అందుకే నా నివేదికలో ద్రావణి మార్పును వాయిదా వేయమని రాశాను. ప్లాంటు ఏడాదిపాటు ఈ స్థితిలో నిలకడగా నడిచి, ఎమీన్ నష్టం రెండు కిలోల లోపే ఉందని తేలాక, అప్పుడు 3.4 నుంచి 3 గిగాజూళ్లకు దిగడం వల్ల మిగిలే ఆవిరి విలువ, కొత్త ద్రావణి ధరను మోస్తుందో లేదో లెక్క చూడాలి. టన్నుకు 0.4 గిగాజూళ్లంటే 190 కిలోల ఆవిరి. ఆ ఆదా ఎంతన్నది ముందే తెలిసి ఉంటే సరఫరాదారుతో మాట్లాడే పద్ధతి వేరుగా ఉంటుంది.

రూపాయల్లో, గాలిలో

టన్ను ఆవిరి 1,500 రూపాయలనుకుంటే, 0.6 టన్నుల ఆదా అంటే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 900 రూపాయలు. రోజుకు 50 టన్నులకు 45,000. ఏడాదిలో 330 రోజులు నడిస్తే కోటిన్నరకు దగ్గర. ఊక ధర మిల్లుల సీజనుతో పాటు మారుతుంది. పంట నూర్పిళ్ల తర్వాత దిగి, వానాకాలంలో ఎక్కుతుంది. అందువల్ల ఆవిరి ధరను ఏడాది సగటుగా కాక నెలవారీగా రాసుకోవాలి.

డబ్బు లెక్క కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది వేరే లెక్క. బొగ్గుతో ఒక టన్ను ఆవిరి పుట్టించడానికి దాదాపు 0.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. గ్రిడ్ విద్యుత్తులో యూనిట్‌కు 0.7 కిలోలు. ఆ లెక్కన పాత పద్ధతిలో ఒక టన్ను పట్టడానికి 0.8 టన్నులు విడుదలయ్యేవి. నికరంగా పట్టినది 0.2 టన్నులు మాత్రమే. ఇప్పుడు విడుదల 0.6 టన్నుల లోపు. ఊక వాటా పెరిగితే ఇంకా తగ్గుతుంది. పట్టిన ప్రతి టన్నుకు ఎంత ఖర్చు అన్న అంకె కరపత్రాల్లో కనిపిస్తుంది. గాలిలోకి పోకుండా నికరంగా ఆపిన ప్రతి టన్నుకు ఎంత ఖర్చు అన్నది దాని కంటే చాలా పెద్ద అంకె, అసలు అడగవలసినదీ అదే. ఈ యూనిట్ విషయంలో ఇంకొక నిజం కూడా చెప్పాలి. సోడాలో, డ్రై ఐస్‌లో వాడిన వాయువు కొద్ది రోజుల్లో మళ్లీ గాలిలోనే కలుస్తుంది. కనుక దీన్ని వాతావరణ రక్షణ పథకంగా చూపకూడదని యాజమాన్యానికి లిఖితపూర్వకంగా చెప్పాను. రేపు భూగర్భంలో దాచే ఏర్పాటు వచ్చిననాడు మాత్రం ఇక్కడ నేర్చుకున్న ప్రతి డిగ్రీ లెక్కా అక్కరకు వస్తుంది. కృష్ణపట్నం చుట్టూ ఉన్న 800 మెగావాట్ల స్థాయి బొగ్గు విద్యుత్ యూనిట్లకు ఇదే పద్ధతి వర్తింపజేస్తే ఒక్కో డిగ్రీ విలువ ఎన్ని రెట్లవుతుందో ఊహించవచ్చు.

వ్యాపారం కోసమే కార్బన్ డయాక్సైడ్ కావాలనుకుని నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొత్తగా యూనిట్ పెట్టదలచినవారు నన్ను అడిగితే, పొగ జోలికి వెళ్లేముందు దగ్గరలో నూకలతోనో, మొక్కజొన్నతోనో ఇథనాల్ తీసే కర్మాగారం ఉందేమో చూడమంటాను. పులియబెట్టే ట్యాంకు నుంచి వచ్చే వాయువు దాదాపు స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడే. వెయ్యి లీటర్ల ఇథనాల్‌కు ముప్పావు టన్ను వస్తుంది. దానికి ఎమీన్ అక్కర్లేదు, రీబాయిలర్ అక్కర్లేదు. నీటితో కడిగి, ఆరబెట్టి, వాసనలు తీసేసి, నేరుగా కంప్రెసర్‌కు పంపితే ఆహార వినియోగానికి ఉద్దేశించిన ఐ.ఎస్. 307 ప్రమాణానికి తేవడం ఎంతో సులువు. అలాంటి వనరు అందుబాటులో లేనప్పుడే బాయిలర్ పొగ వైపు రావాలి. వచ్చినప్పుడు సరఫరాదారుతో చేసుకునే ఒప్పందంలో ఆవిరి హామీని మే నెల ఉష్ణోగ్రతల దగ్గర, 32 డిగ్రీల కూలింగ్ నీటితో, కండెన్సేట్‌ను ట్యాంకులో కొలిచి నిరూపించాలన్న షరతు రాయించుకోవాలి. ఈ యూనిట్ పాత ఒప్పందంలో హామీ అంకె ఉంది గానీ ఏ నీటి ఉష్ణోగ్రత దగ్గర అన్నది రాయలేదు. పరీక్ష జనవరిలో జరిగింది.